ఊరికి పోయి వచ్చినం, పిల్లి దగ్గరికి రాదు, బట్టల మీద ఉచ్చ పోస్తున్నది

పాలమూరు_పద్మ
సంక్రాంతి సెలవులకు తాళం వేసి పోయి మొన్న వచ్చినం. వారం పైనే ఇంట్ల లేము. పిల్లిని ఇంట్లనే ఉంచినం, పక్కింటి పిల్లగాడు రోజుకొక్కసారి వచ్చి డ్రై ఫుడ్డు, నీళ్ళు పోసిపోయిండు. మగది, నాలుగేండ్లది, ఆపరేషన్ అయింది, 5 కిలోలు ఉంటది. దర్వాజ తియ్యంగనే వచ్చి చెప్పులు వాసన చూసింది, బ్యాగు వాసన చూసింది, తోక కిందికేసి దివాన్ కిందికి పోయింది. పిలిస్తే వీపు తిప్పి కూసుంటది. రాత్రి రెండింటికి లేచి అర్రర్ర తిరుక్కుంట ఒర్లుతది. నిన్న మా ఆయన ప్యాంటు మీద, ఇయ్యాల పరుపు మీద ఉచ్చ పోసింది. ఆయనేమో "పగబట్టింది, రెండు తగిలియ్యి" అంటుండు. ఏం జెయ్యాలె? ఇది ఎన్ని దినాలుంటది?

సూదిమందు
పగ సంగతి తర్వాత. ముందు ఇది చెప్పక్కా: ఉచ్చ ఎంత పోసింది? అరచెయ్యంత తడా, నాలుగు చుక్కలా? దాని మట్టి డబ్బాల (లిట్టర్) మాటిమాటికి కూసుని ముక్కుతున్నదా? మగది, ఆపరేషన్ అయింది, గడప దాటదు, ఒట్టి డ్రై ఫుడ్డు తింటది. మూత్రం బందయ్యే పిల్లులు ఎక్కువ ఈ లెక్కలనే ఉంటయి, ఇంట్ల మార్పు వచ్చినప్పుడే అది బయటపడ్తది. కూసున్నా చుక్క రాకపోతే, ఒర్లుకుంట కింద నాక్కుంటుంటే తెల్లారేదాక ఆగొద్దు. దారి పూర్తిగ మూసుకపోతే ఒకటి రెండు దినాలల్ల పానం పోతది. పొట్ట పిసకొద్దు, లోపల సంచి పలుగుతది. దవాఖానల మత్తిచ్చి సన్నగొట్టం ఏసి తీస్తరు.

కందనూలు_67
పల్లేరుకాయ కషాయం రెండు చెంచాలు తాగిపియ్యి, సాఫ్‌గ వస్తది. బార్లీ నీళ్ళన్న పొయ్యి.

సూదిమందు
దారి మూసుకున్నంక పైనుంచి నీళ్ళు పోస్తే సంచి ఇంక ఉబ్బుతది పెద్దాయనా. కషాయం మనుషులకు ఉంచుకోర్రి.

పాలమూరు_పద్మ
అరచెయ్యి కంటె పెద్ద తడే. ముక్కుడు లేదు. డబ్బాల కూడ పొద్దున ఉచ్చకు తడిసిన మట్టి గడ్డ ఒకటి ఉన్నది.

సూదిమందు
అయితే పానం మీదికి రాలేదు. రోజుకు రెండు నుంచి నాలుగు గడ్డలు రావాలె, సైజు ఒక్కతీరు ఉండాలె. ఇంకో వారం లెక్క చూస్తుండు. గడ్డలు చిన్నగై సంఖ్య పెరిగినా, ఎర్రగ వచ్చినా తీస్కపో.

గద్వాల_గట్టు
మీ ఆయన చెప్పిందే కరెక్టు. పిల్లికి పగ ఉంటది. ప్యాంటే ఎందుకు ఎంచుకున్నది మరి? గోడకు పోయొచ్చు కద.

మూడుపిల్లులు
ప్యాంటు ఎంచుకున్నది ఎందుకంటె ఇంట్ల అన్నిటికంటె ఎక్కువ బయటి వాసన దానికే ఉంటది గట్టన్నా. బస్సు సీటు, చుట్టాలింటి కుక్క, పొయ్యి పొగ, కొత్త సబ్బు. పిల్లి ఇంటిని కండ్లతోని గుర్తుపట్టుకుంట బతకదు, ముక్కుతోని బతుకుతది. చెంపలు, గదమ, తోక మొదలు, కాళ్ళ వేళ్ళ సందులు, అన్నిట్ల వాసన గ్రంథులుంటయి. రోజూ మీ కాళ్ళకు, దర్వాజ మూలకు, మంచం కోడుకు రాసుకుంట "ఇది మాది" అనే వాసన ఒకటి తయారు చేస్కుంటది. వారం పాటు మీరు లేరు, మీ మీది వాసన పోయింది, కొత్తది ఎక్కింది. మొహం అదే, గొంతు అదే, వాసన వేరే. దానికి లెక్క కుదురుతలేదు. పరుపు, ప్యాంటు మీద ఉచ్చ పోసుడు అంటె తన వాసనను మీ వాసనల కలుపుడు. బెదిరిన పిల్లి చేసే పని అది, కోపం వచ్చిన పిల్లి చేసేది కాదు.

గద్వాల_గట్టు
మరి వీపు తిప్పుడు? అది కూడ వాసనేనా?

మూడుపిల్లులు
వీపు తిప్పి కూసుంటే చెవులు చూడు. వెనకకు, మీ దిక్కు తిరిగి ఉంటయి. అంటే వింటున్నది. నమ్మకం లేనోళ్ళకు పిల్లి వీపు ఇయ్యదు, దూరం జరిగి ఎదురుంగ కూసుని చూస్తది. చెవులు పక్కలకు పరిచి, కంటి నల్లగుడ్డు పెద్దగై, తోక కొన కొట్టుకుంటుంటే మాత్రం వదిలెయ్యాలె.

తోకపైకి
పిల్లికి మనిషి పట్టదు అనేటోళ్ళకు రెండు ముచ్చట్లు. 2017ల స్వీడన్ పరిశోధకులు 14 పిల్లులను చూసిండ్రు: అర్ధగంట ఒంటిగ ఉన్నప్పటి కంటె 4 గంటలు ఉన్నంక యజమాని వస్తే గుర్రుగుర్రుమనుడు, ఒళ్ళు విరుచుకునుడు ఎక్కువున్నయి. 2019ల అమెరికా ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీల కూనలను కొత్త అర్రల రెండు నిమిషాలు ఒంటిగ ఉంచి యజమానిని లోపలికి పంపిండ్రు. 64 శాతం దాక కూనలు యజమానిని చూసినంక కుదుటపడి మళ్ళ ఆటల పడ్డయి.

దేవరకొండ_దొరసాని
4 గంటలకు వారానికి పోలికేంది? 4 గంటలంటె దానికి ఒక కునుకు.

తోకపైకి
అవును, వారం మీద నేరుగ చెప్పినట్టు కాదు. గుర్తుపడ్తదా లేదా అనేదానికి చెప్పిన. గొంతు కూడ గుర్తుపడ్తది, 2013ల జపాన్‌ల రికార్డు వినిపించి చూసిండ్రు. పరాయి గొంతుల నడుమ యజమాని గొంతు వస్తే చెవులు, తల కదిలినయి. లేచి మాత్రం రాలేదు.

చౌటుప్పల్_చౌరస్తా
విన్నది, రాలేదు. మా ఇంట్ల అల్లుడు కూడ అంతే.

మూడుపిల్లులు
పద్మక్కా, ముందు మూడు దినాలు ఇట్ల చెయ్యి. ఎత్తుకోవద్దు, దివాన్ కింది నుంచి గుంజొద్దు. నేల మీద పక్కకు తిరిగి కూసో, మీద వంగొద్దు. ఒక వేలు దాని ముక్కు ఎత్తుల ముందుకు పెట్టి ఆగు. వాసన చూసి చెంప రుద్దితే చెంప దగ్గర, గదమ కింద గీకు. పొట్ట, తోక జోలికి పోవద్దు. రుద్దకుంటె చెయ్యి తీసెయ్యి. కండ్లల్ల కండ్లు పెట్టి చూడకు, మెల్లగ రెప్పలు సగం మూసి తెరువు. అది కూడ అట్ల చేస్తే సగం పని అయినట్టే.

బ్యాగులు అన్ని అర్రలల్ల పరవొద్దు, ఒక్క దగ్గర మూత తీసి పెట్టు, అదే వచ్చి వాసన చూసి లోపల కూసుంటది. కూసోనియ్యి. విడిచిన బట్టలు బుట్టల వేసి మూత పెట్టు. శుభ్రమైన మెత్తగుడ్డ ఒకటి దాని చెంపలకు రుద్ది, ఆ గుడ్డను దర్వాజ మూలలకు, దివాన్ కోళ్ళకు, బ్యాగు అంచులకు జానెడెత్తుల రుద్దు. అగరుబత్తి, రూమ్ స్ప్రే, కొత్త సెంటు కొన్నాళ్ళు బంద్. పిల్లికి స్నానం అసలే వద్దు.

తినే టైములు మీరు పోకముందు ఏవో అవే పెట్టు. తిట్టకు, కొట్టకు, నీళ్ళు చల్లకు. కొడ్తే అది నేర్చుకునేది ఒక్కటే, మీరు లేనప్పుడు పొయ్యాలె అని.

సూదిమందు
డబ్బా ఎవరు సాఫ్ చేసిండ్రు ఆ వారం?

పాలమూరు_పద్మ
పిల్లగానితోని తిండి, నీళ్ళ వరకే మాట్లాడుకున్నం. వచ్చినంక నేనే తీసిన. నిండి ఉండె.

సూదిమందు
దొరికింది. వాసన సంగతి నిజమే కాని, నిండిన డబ్బాల కాలు పెట్టబుద్ధిగాక మెత్తటి జాగా ఎతుక్కున్నది. పరుపు, బొంత, విడిచిన బట్టలు, అన్నీ మెత్తగ, పీల్చేటియి. ఒకసారి అలవాటైతే డబ్బా సాఫ్ చేసినా వెంటనే మళ్ళదు. ఇప్పుడు ఒక డబ్బా కాదు, రెండు పెట్టు. ఎన్ని పిల్లులో అన్ని డబ్బాలు, పైన ఒకటి. రెండోది పరుపు ఉన్న అర్రల పెట్టు, వారం పదిదినాలు పోసుడు ఆగినంక రోజుకింత దూరం జరుపు. డబ్బా పొడుగు పిల్లి పొడుగుకు ఒకటిన్నర రెట్లు ఉండాలె, లోతు రెండు అంగుళాల మట్టి. గడ్డలు రోజుకు రెండుసార్లు తియ్యి, వారానికొకసారి మొత్తం పారబోసి మామూలు డిష్ సోపుతోని కడుగు.

మిర్యాలగూడ_మిల్లు
మా దిక్కు ఊక మస్తు దొరుకుతది, లిట్టర్ కొనే బదులు అది వెయ్యొచ్చునా?

సూదిమందు
ఊక తడి పీల్చదు, అంచులు గుచ్చుకుంటయి, దుమ్ము లేస్తది. రంపం పొట్టు అయితే నడుస్తది, వారనిష్ తగిలిన చెక్కది కావద్దు. జల్లెడ పట్టిన సన్న ఉసికె కూడ నడుస్తది, వాసన పట్టదు కాబట్టి తొందరగ మార్చాలె. ఏదైనా ఉన్నపళంగ మార్చొద్దు, పాతదాంట్ల నాలుగోవంతు కొత్తది కలుపుకుంట రావాలె.

దేవరకొండ_దొరసాని
పరుపు వాసన ఎట్ల పోవాలె, అది చెప్పుర్రి ముందు. ఫినాయిల్ కొట్టినా మళ్ళ అక్కడికే వస్తది.

మూడుపిల్లులు
ఫినాయిల్ కొట్టిండ్రు కాబట్టే వస్తది. ఉచ్చలోని యూరిక్ ఆసిడ్ ఒట్టి నీళ్ళకు కరగదు, ఎండినంక గట్టిపడి అక్కడే ఉంటది, గాలిల తేమ పెరిగితె మళ్ళ వాసన లేస్తది. మీకు ఫినాయిల్ వాసనొస్తది, దానికి కింద ఉన్న తన వాసనొస్తది.

పరుపుకు: తడి ఉన్నప్పుడే పాత టవల్ వేసి కాలుతోని తొక్కు, రుద్దకు. రుద్దితే లోపలికి పోతది. చల్లనీళ్ళు చల్లి మళ్ళ అద్దు. తర్వాత ఎంజైమ్ క్లీనర్, పెంపుడు జంతువుల సామాను అమ్మే దగ్గర దొరుకుతది. ఉచ్చ ఎంత లోతుకు పోయిందో అంత లోతుకు తడిసేటట్టు పొయ్యి, పైపైన కాదు. 15 నిమిషాలు ఆగి అద్ది ఆరబెట్టు, ఎండల రెండు దినాలు పడ్తది. అది దొరకకుంటె ఎంజైములున్న బట్టల పొడి, డబ్బా మీద రాసి ఉంటది, ఒక వంతుకు తొమ్మిది వంతుల గోరువెచ్చని నీళ్ళు. దాంతోని కడిగి, నీళ్ళతోని తీసి, ఆరినంక సర్జికల్ స్పిరిట్ తుడువు. రంగు పోతదేమో ముందు మూలకు చూస్కో. మసిలే నీళ్ళు, ఇస్త్రీ ఆవిరి వద్దు, వాసనను పట్టిస్తయి.

సూదిమందు
ఫినాయిల్, డెట్టాల్ మీద ఇంకొక ముచ్చట. పిల్లి కాలేయం ఆ జాతి రసాయనాలను మన తీరుగ విడగొట్టలేదు. తడినేల మీద నడుస్తది, కాళ్ళు నాకుతది, కడుపుల పడ్తది. చొంగ కార్చుడు, నాలుక పుండ్లు, తూలుడు. అదే కారణానికి పారాసిటమాల్ కూడ విషమే, ఒక్క గోలీ చాలు. పిల్లి ఒళ్ళు వేడిగ ఉందని జ్వరం గోలీ నూరి పోసేటోళ్ళు ఇంకా ఉన్నరు. పిల్లి ఒళ్ళు మామూలుగనే 38 నుంచి 39 డిగ్రీలుంటది.

గద్వాల_గట్టు
పోసింది ఉచ్చనా, కొట్టింది స్ప్రేనా అది కూడ చూడాలె కద. నిలబడి గోడకు చిమ్మితె వేరే లెక్క.

సూదిమందు
ఇది మంచి మాట. కూసుని, పరుపు మీద, ఎక్కువ పోస్తె ఉచ్చ. నిలబడి, తోక లేపి వణికిచ్చుకుంట, గోడకో దర్వాజకో కొద్దిగ చిమ్మితె హద్దు గుర్తు. రెండోదానికి ఎక్కువసార్లు కిటికీ బయట తిరిగే కొత్త గండుపిల్లి కారణం. మీరు లేని వారంల అది మీ గోడ మీద మకాం పెట్టి ఉంటది. కిటికీ కింది సగానికి పేపర్ అతికియ్యి.

గద్వాల_గట్టు
చూసిండ్రా, నేను కూడ అప్పుడప్పుడు పనికొస్త.

పెరుగుబువ్వ
మాది ఇంకో తీరు. ఉచ్చ గిట్ల ఏం లేదు కాని ఊరి నుంచి వచ్చినప్పటి నుంచి ముద్ద ముట్టలేదు. నిన్న పొద్దున నుంచి. బాగ బొద్దుగ ఉంటది కద, రెండు దినాలు తినకుంటె ఏం కాదు అంటున్నరు ఇంట్ల.

సూదిమందు
బొద్దుగ ఉన్నదానికే ఎక్కువ భయం. తినకుంటె ఒంట్ల కొవ్వు అంత ఒక్కసారి కాలేయం మీద పడ్తది, అది తట్టుకోలేదు. రెండు మూడు దినాల ఉపాసంతోనే మొదలైతది. చెవి లోపలి చర్మం, చిగుళ్ళు పసుపుగ కనపడితె ముదిరినట్టు. లెక్క ఇది: 24 గంటలు అసలు ముట్టకపోతే డాక్టర్‌కు ఫోను, 48 దాటనియ్యొద్దు. కూనలకైతే అర్ధదినం కూడ ఎక్కువే.

ఈలోపల ఉడికిచ్చిన కోడి ఛాతీ, ఉప్పు, ఉల్లి, ఎల్లిగడ్డ ఏం లేకుండ, వేళ్ళతోని నారలు నారలు చేసి, ఉడికిన నీళ్ళు రెండు చెంచాలు పోసి గోరువెచ్చగ పెట్టు. ఫ్రిజ్‌ల చల్లటిది పెడ్తే వాసన రాదు, వాసన రాకపోతె తినదు. ఎడల్పు పళ్ళెంల పెట్టి నువ్వు అర్రల నుంచి బయటికి పో. నోట్ల కుక్కొద్దు.

పెరుగుబువ్వ
మేము మామూలుగ పెరుగన్నం పెడ్తం.

మూడుపిల్లులు
పేరు చూస్తేనే తెలిసింది. పెరుగన్నం అప్పుడప్పుడు నాకితె నాకనియ్యి, అదే తిండి అంటె కాదు. పిల్లికి మాంసం తప్పదు, అందుల ఉండే టారిన్ అనే పోషకం అందకుంటె కండ్లు, గుండె దెబ్బతింటయి. పాలు తాగితె చానా పెద్దపిల్లులకు విరేచనాలే.

అచ్చంపేట_అడవి
మీయన్ని ఇంట్ల పిల్లులు. మాది బయట తిరిగేది, తాళం వేస్తె దాని తిండి అది చూస్కుంటది. వచ్చిన రెండు దినాలకు అదే వస్తది. దానికి ఏమన్న చూడాలెనా?

సూదిమందు
చూడాలె, దానికే ఎక్కువ చూడాలె. తల నుంచి తోక దాక చెయ్యితోని వత్తి చూడు. చెంప, మెడ, తోక మొదట్ల గడ్డ, వేడి ఉంటె కొట్లాటల పడ్డ కాటుకు చీము పట్టినట్టు. ఆపరేషన్ కాని గండుపిల్లికి ఇది మామూలు. చిగుళ్ళు చూడు, గులాబి రంగు ఉండాలె. తెల్లగ పాలిపోయి, ముక్కుల రక్తం, నీరసం ఉంటె మందు తిన్న ఎలుకను తిన్నదని అనుమానపడాలె. రక్తం గడ్డకట్టకుండ చేసే ఎలుకల మందు వెంటనే కనపడదు, రెండు నుంచి అయిదు దినాలకు బయటపడ్తది. దానికి విటమిన్ కె1 ఉన్నది, తొందరగ తీస్కపోతె బతుకుతది.

మిర్యాలగూడ_మిల్లు
గోదాముల చుట్టు ఇది నిజం. పంట వచ్చే టైముల ప్రతి మడిగె ముందు మందు పెడ్తరు.

తోకపైకి
సంక్రాంతి తర్వాత కాబట్టి ఇంకొకటి, మాంజా. డాబాల మీద, చెట్లకు ఉన్న దారాలు నోట్ల పెట్టుకుంటయి. నోట్ల నుంచో వెనక నుంచో దారం కొన కనపడితె గుంజొద్దు, లోపల పేగు కోసుకపోతది. కొన కూడ కత్తిరియ్యకుండ నేరుగ దవాఖానకు.

దేవరకొండ_దొరసాని
మాకు రెండు. ఒకదాన్ని హైదరాబాద్‌ల బోర్డింగ్‌ల పెట్టినం, ఒకటి అత్తమ్మ దగ్గర ఉండె. ఇప్పుడు ఇద్దరిని కలిపితె ఒకదాన్ని చూసి ఒకటి బుస్సుమంటున్నది. అక్కచెల్లెండ్లే.

మూడుపిల్లులు
దవాఖాన, బోర్డింగ్ వాసనతోని వచ్చిన దాన్ని రెండోది గుర్తుపట్టదు. కొట్లాడి తేల్చుకోనియ్యి అనుకోవద్దు, ఒక్క కొట్లాట పడితె నెలలు సాగుతది. వచ్చినదాన్ని ఒక అర్రల పెట్టి తలుపెయ్యి, నీళ్ళు, డబ్బా లోపలనే. ఒకదాని బొంత ఇంకోదానికి మార్చు. తలుపుకు అటొక గిన్నె ఇటొక గిన్నె పెట్టి తినిపియ్యి, రోజుకింత దగ్గరకు జరుపు. బుస్సుమనకుండ తింటె తలుపు రెండు అంగుళాలు తియ్యి. చానాసార్లు కొద్దిదినాలల్లనే కుదురుకుంటది.

పాలమూరు_పద్మ
రాత్రి ఒర్లుడు ఎట్ల ఆపాలె? లేచి పోయి ఎత్తుకుంటె ఊకుంటది, మళ్ళ అయిదు నిమిషాలకు మొదలు.

మూడుపిల్లులు
లేచినవంటె ఒర్లితె వస్తరని నేర్చుకుంటది. పడుకునే ముందు పది నిమిషాలు ఆడిపియ్యి, కట్టెకు ఈక కట్టి ఉరికియ్యి, చివరికి దొరకనియ్యి. వెంటనే దినం తిండిల పెద్దవంతు అప్పుడు పెట్టు. ఉరుకుడు, పట్టుడు, తినుడు, నాక్కునుడు, పండుడు, దాని వరుస అది. ఆడినంక దారం అల్మారిల పెట్టు. నీ అర్ర తలుపు తీసే ఉంచు, మూస్తె గీకుతది.

సూదిమందు
పదేండ్లు దాటిన పిల్లి కొత్తగ రాత్రి ఒర్లుతుంటె ఊరికి పోయిన సాకు పెట్టుకోవద్దు. థైరాయిడ్, బీపీ, కిడ్నీ చూపియ్యాలె.

చౌటుప్పల్_చౌరస్తా
ఇగ ఎండాకాలం సెలవుల సంగతి చెప్పుర్రి. పోకుండ ఉంటమా.

మూడుపిల్లులు
చూసేటోళ్ళు పొద్దున, మాపున రెండుసార్లు రావాలె. వచ్చేది పోసిపోనీకె కాదు, పావుగంట కూసోవాలె. మీరు పోయే వారం ముందు నుంచే వాళ్ళతోని తినిపియ్యిర్రి. 4 కిలోల పిల్లికి డ్రై ఫుడ్డు దినానికి 50 నుంచి 60 గ్రాములు, ప్యాకెట్ మీది లెక్క చూస్కుని తూచి పొట్లాలు కట్టి పెట్టుర్రి. అంతా ఒక్కసారి కుప్ప పోస్తె రెండు దినాలల్ల తిని కక్కుతది, మిగిలింది చీమలపాలు. చీమలకు, గిన్నెను నీళ్ళున్న పెద్ద పళ్ళెంల పెట్టుర్రి.

నీళ్ళు మూడు జాగలల్ల, ఎడల్పు గిన్నెలల్ల, తిండికి డబ్బాకు దూరంగ. మట్టి పాత్ర అయితె సల్లగ ఉంటయి. మీరు కట్టి విడిచిన చీరనో, టీషర్టునో ఉతకకుండ దాని జాగల వెయ్యిర్రి. అర్రలు తాళాలు వెయ్యొద్దు, రోజూ తిరిగే జాగ అంత తిరగనియ్యాలె. బకెట్లల్ల నీళ్ళు ఉంచొద్దు.

మిర్యాలగూడ_మిల్లు
మా దగ్గర మే నెలల 44, 45 డిగ్రీలు. రేకుల ఇల్లయితె తాళం వేసి పోవుడు అంటె పొయ్యిల పెట్టిపోయినట్టే.

సూదిమందు
రేకుల ఇంట్ల అసలు ఉంచొద్దు, స్లాబ్ ఉన్నోళ్ళ ఇంట్ల పెట్టుర్రి. పిల్లి నోరు తెరిచి కుక్కలెక్క రొప్పితె ఎప్పుడూ మామూలు కాదు. తడిగుడ్డతోని పొట్ట, పాదాలు తుడిచి ఫ్యాన్ కింద పెట్టి తీస్కపోవాలె, ఐసు నీళ్ళు పొయ్యొద్దు. ఇంకా, చూసేటోళ్ళకు ఒక కాయితం రాసి ఇయ్యిర్రి: ఎంత తిన్నది, ఎన్ని గడ్డలు తీసిండ్రు, కక్కిందా. దినానికొక ఫోటో. గడ్డలు లేవంటె ఎవరికి ఫోన్ చెయ్యాలె, ఏ దవాఖాన, ముందే చెప్పి పోవాలె. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చెయ్యొచ్చు కాని ఆ బండి ముఖ్యంగ గొడ్లకు, మేకలకు తిరుగుతది. పిల్లికి గొట్టం ఏసే సామాను, చెయ్యి తిరిగిన డాక్టర్ ఎక్కడున్నరో ఇప్పుడే అడిగి పెట్టుకోర్రి. ఏది లేకుంటె రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దవాఖాన.

గద్వాల_గట్టు
రెండుసార్లు వచ్చి, గడ్డలు లెక్కబెట్టి, ఫోటో తీసి, పావుగంట కూసునేటోనికి ఒక పొట్లం సకినాలు సరిపోవు పద్మక్కా. జీతం మాట్లాడుకో.

పాలమూరు_పద్మ
సకినాలకే వస్తా అన్నడు గట్టన్నా, డబ్బా అనంగనే ముక్కు మూసుకున్నడు. రెండో డబ్బా పరుపు పక్కన పెట్టిన, ఇయ్యాల దాంట్లనే పోసింది. మా ఆయన ప్యాంట్లు మూతబుట్టల ఉన్నయి.

నారాయణపేట_జరి
మాకు రెండు నెలల కూన ఉన్నది. రెండు దినాలు పెండ్లికి పోవాలె. ఇదంత కూనకు కూడ నడుస్తదా?

మూడుపిల్లులు
నడవదు. ఆ వయసుది దినానికి నాలుగుసార్లు తినాలె, పర్దాల మీదికెక్కి దిగరాక ఒర్లుతది, సందులల్ల ఇరుక్కుంటది. ఒంటిగ ఉంచొద్దు. ఇంట్ల మనిషి ఉన్న దగ్గర దాని బొంత, డబ్బా, అదే తిండితోని సహా అప్పజెప్పిపోర్రి, డబ్బాల ఒట్టి కొత్త మట్టే పొయ్యకుండ, వాడింది రెండు గుప్పెళ్ళు కలిపి ఇయ్యిర్రి. వాసన పట్టుకుని నేరుగ దాంట్లకే పోతది.